జర్మనీ కారును నెదర్లాండ్స్‌కి తెచ్చుకోవడం: ఎవరైనా చేశారా?

మిరపకాయబజ్జీ
ఫిబ్రవరి 18, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఏడేళ్ళుగా స్టుట్‌గార్ట్‌లో ఉంటున్నాం. మే 1 నుంచి ఐండ్‌హోవెన్‌లో కొత్త ఉద్యోగం. మాకో 2019 స్కోడా ఆక్టేవియా ఉంది. పెట్రోలు బండి, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. ఏడాదిన్నర కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, లోను ఇంకా కొంచెం ఉంది. బండి మా ఆవిడ పేరు మీద ఉంది.

ప్లాన్ ఏంటంటే, మే మొదట్లో నేను కారేసుకుని వెళ్ళిపోతా. పాప స్కూలు జులై చివరిదాకా ఉంటుంది కాబట్టి వాళ్ళిద్దరూ ఆ తర్వాత వస్తారు.

మా ఆఫీసులో ఒకాయన "ఈయూ అంతా ఒకటే కదా, నంబరు ప్లేటు మార్చుకుంటే అయిపోయె" అన్నాడు. ఇంకొకాయన "బీపీఎం అని ఒక టాక్సు ఉంది, ఊళ్ళో పొలం అమ్మాల్సి వస్తుంది, కారు ఇక్కడే వదిలించుకో" అన్నాడు. ఇద్దరూ నెదర్లాండ్స్‌లో ఒక్కరోజు కూడా ఉన్నవాళ్ళు కాదు. అందుకే ఇక్కడ అడుగుతున్నా. ఎవరైనా చేశారా?


ఓరుగల్లుపోరడు
ఫిబ్రవరి 18, రాత్రి 11:05

అన్నా, నేను జేసిన. బెర్లిన్ నుంచి డెన్‌హాగ్‌కు. తప్పు జేసి నేర్చుకున్న, గందుకే జెప్తున్న. బీపీఎం అంటే బండి మొదటిసారి డచ్ రిజిస్టర్‌ల ఎక్కినప్పుడు కట్టే టాక్సు. కార్బన్ డయాక్సైడ్ ఎంత వదుల్తదో దాన్ని బట్టి లెక్క. పాత బండి అయితే తరుగు తీసేస్తరు. మకాం మార్చి వచ్చేటోళ్ళకు మాత్రం మినహాయింపు ఉన్నది. కానీ బండి మన పేరు మీద, మన వాడకంల కనీసం ఆర్నెల్లు ఉండాలె, వచ్చేముందు. నేను బండి కొన్న నాలుగు నెలలకే వచ్చిన. అర్జీ పెడితే కాదన్నరు. రెండు వేల పైచిలుకు యూరోలు వొయినయి.

నీకు ఏడాదిన్నర అయింది గదా, పరేషాన్ గాకు.


నంద్యాలోడు
ఫిబ్రవరి 19, ఉదయం 7:20

నాది ఇంకో కథ అన్నా. నేను ఆర్నెమ్‌లో ఉంటా. జర్మనీలో రేట్లు తక్కువని సరిహద్దు దాటి పోయి దాదాపు కొత్త బండి కొనుక్కొచ్చినా. డీలరు దగ్గర ఐదు నెలలు తిరిగిన డెమో బండి, 9 వేల కిలోమీటర్లు. సెకండ్ హ్యాండే కదా అనుకున్నా. ఈయూ రూలు ప్రకారం మొదటిసారి రోడ్డెక్కి ఆర్నెల్లు దాటకపోయినా, 6 వేల కిలోమీటర్ల లోపు తిరిగినా, రెండిట్లో ఏ ఒక్కటి ఉన్నా అది "కొత్త" బండే. కొత్త బండికి వ్యాట్ మన ఉండే దేశంలో కట్టాల. జర్మనీలో 19 శాతం కలిపిన రేటు ఇచ్చేసి వచ్చినా, ఇక్కడ మళ్ళీ 21 శాతం అడిగినారు. ఆ 19 వెనక్కి రాబట్టుకునేదానికి డీలరుతో మూడు నెలలు పడినా. తప్పు నాదే, కొనేముందే అడిగి ఉండాల్సింది. ఇంకో నెల ఆగి కొనింటే ఈ గొడవే లేదు.

నీ బండికి ఇది వర్తించదు. ఎవరికన్నా పనికొస్తుందని రాస్తాండా.


కోపెన్‌హాగన్‌కాకి
ఫిబ్రవరి 19, ఉదయం 8:02

మీరంతా బీపీఎం గురించి ఏడుస్తున్నారు. డెన్మార్క్ రండి. కారు విలువలో మొదటి ముక్కకి 25 శాతం, తర్వాతి ముక్కకి 85, ఆ పైదానికి 150. పెద్ద బండి కొంటే మనకో కారు, సర్కారుకో ఒకటిన్నర కారు. నేను సైకిలు తొక్కుతున్నా. ఆరోగ్యం బాగుంది.


లెక్కలక్క
ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 12:48

మిరపకాయబజ్జీ గారూ, పై పోస్టులన్నీ నిజమే కానీ మీ ప్లాన్‌లో అసలు చిక్కు ఎవరూ పట్టుకోలేదు. బండి మీ ఆవిడ పేరు మీద ఉంది. మీరు మేలో వస్తున్నారు, ఆవిడ జులైలో వస్తోంది. మినహాయింపు బండి ఎవరిదో వాళ్ళకే. ఆవిడ మకాం మారే తేదీయే లెక్క, మీది కాదు.

ఇంకా పెద్దది ఇంకోటుంది. మీరు మేలో ఐండ్‌హోవెన్ మునిసిపాలిటీలో పేరు నమోదు చేయించుకున్న రోజు నుంచి మీరు ఇక్కడి నివాసి. ఇక్కడి నివాసి విదేశీ ప్లేటున్న కారు నడపకూడదు, ముందుగా అనుమతి తీసుకుంటే తప్ప. కారు పెళ్ళానిదైనా అంతే, ఫ్రెండుదైనా అంతే. ఆవిడ జర్మనీలో ఉంటూ, మీరు ఆవిడ కారు ఇక్కడ తిప్పితే సరిగ్గా వాళ్ళు పట్టుకోవాలనుకునే కేసు మీదే.

మా ఆఫీసులో ఒకతను అలాగే తొమ్మిది నెలలు జర్మన్ ప్లేట్లతో తిరిగాడు. ఒకరోజు రోడ్డు మీద ఆపారు. కారు ఎప్పటి నుంచి ఇక్కడుందో వాళ్ళేమీ విచారించరు. మునిసిపాలిటీలో పేరెక్కిన రోజు నుంచే ఉందని లెక్కగడతారు. కాదని రుజువు చేసుకోవాల్సింది మనం. రోడ్డు టాక్సు మొత్తం వెనక నుంచి, దాని మీద జరిమానా, బీపీఎం విడిగా. అతని ముఖం ఇప్పటికీ నాకు గుర్తే.


మిరపకాయబజ్జీ
ఫిబ్రవరి 19, రాత్రి 9:15

లెక్కలక్క గారూ, మీరు చెప్పకపోతే నేను సరిగ్గా అదే చేసేవాణ్ణి. ట్యాంకు నింపుకుని, ఊరగాయ జాడీలు వెనక సీట్లో పెట్టుకుని బయల్దేరేవాణ్ణి.

అయితే కారు స్టుట్‌గార్ట్‌లోనే వదిలి నేను రైల్లో వెళ్ళాలన్నమాట. మూడు నెలలు శనాదివారాలు రైళ్ళే. సరే. ఇంకో ప్రశ్న. ఇవన్నీ పడేకంటే అమ్మేసి అక్కడ ఇంకోటి కొనుక్కుంటే?


లెక్కలక్క
ఫిబ్రవరి 19, రాత్రి 10:01

అమ్మకండి. ఇక్కడ సెకండ్ హ్యాండ్ కారు ధరలో మిగిలిన బీపీఎం కలిసే ఉంటుంది. అందుకే అదే మోడలు, అదే ఏడాది బండి జర్మనీలో కంటే ఇక్కడ ఖరీదెక్కువ. డచ్ వాళ్ళే అటెళ్ళి కొనుక్కొస్తుంటారు. మీకు మినహాయింపు వస్తే బీపీఎం సున్నా. కాకపోతే రిజిస్ట్రేషన్ అయ్యాక 12 నెలలు ఆ బండిని అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, ఎవరికీ అరువివ్వకూడదు. ఇస్తే ఆ మినహాయింపు పోతుంది. "ఒక్క వీకెండ్ ఇవ్వు బాబాయ్" అనే స్నేహితులకు ముందే చెప్పేయండి.


గోదారిగట్టు
ఫిబ్రవరి 20, ఉదయం 6:55

నేను ఐండ్‌హోవెన్‌లోనే ఉంటానండి, పదకొండేళ్ళ నుంచి. రెండు కార్లు తెచ్చాను, ఒకటి మ్యూనిక్ నుంచి, ఇంకోటి మా తమ్ముడిది. ఈ విషయంలో మూడు ఆఫీసులు ఉంటాయి. దేని పని దానిదే. మునిసిపాలిటీ మీరెవరో రాసుకుంటుంది. బెలాస్టింగ్‌డీన్‌స్ట్, అంటే టాక్సు వాళ్ళు, బీపీఎం సంగతి చూస్తారు. ఆర్‌డీడబ్ల్యూ అంటే మన ఆర్టీఓ లాంటిదనుకోండి, బండిని కళ్ళారా చూసి నంబరు ఇస్తుంది. మునిసిపాలిటీ నమోదు, తర్వాత మినహాయింపు అర్జీ, అది వచ్చాక ఆర్‌డీడబ్ల్యూ పరీక్ష. ఈ వరస తప్పితే రెండోసారి తిరగాలి.

అసలు సంగతి. బండి కాయితాలన్నీ మీ చేతిలో ఉన్నాయా? జర్మనీలో రెండు కాయితాలుంటాయి కదా. జేబులో పెట్టుకునే షైన్ ఒకటి, అంటే మన ఆర్సీ లాంటిది. ఇంట్లో దాచుకునే బ్రీఫ్ ఒకటి, అంటే బండి అసలు పత్రం. ఆర్‌డీడబ్ల్యూ వాళ్ళు రెండూ అసలువే అడుగుతారు. లోను ఉందన్నారు. బ్రీఫ్ మీ దగ్గరే ఉందా?


మిరపకాయబజ్జీ
ఫిబ్రవరి 20, రాత్రి 8:30

...

బీరువా మొత్తం వెతికాం. లేదు. బ్రీఫ్ బ్యాంకు దగ్గరే ఉంది, లోను తీరేదాకా ఇవ్వరు. ఏడాదిన్నరగా ఆ సంగతే మర్చిపోయాం.


ఓరుగల్లుపోరడు
ఫిబ్రవరి 20, రాత్రి 8:41

ఇగ జూడు. గోదారిగట్టు సార్ ఒక్క ముక్కల వట్టేసిండు.


గోదారిగట్టు
ఫిబ్రవరి 21, ఉదయం 7:10

కంగారు పడకండి. ఇంకా ఫిబ్రవరే కదా. రెండు దార్లున్నాయి. లోను మిగిలింది తక్కువైతే తీర్చేసి బ్రీఫ్ తెప్పించుకోండి. లేదా బ్యాంకుతో మాట్లాడండి. కొన్ని బ్యాంకులు బ్రీఫ్‌ని నేరుగా రిజిస్ట్రేషన్ ఆఫీసుకి పంపుతాయి, కానీ అది జర్మనీ లోపల. వేరే దేశానికి పంపమంటే చాలా బ్యాంకులు ఒప్పుకోవు. నేనైతే తీర్చేయమంటాను.


నంద్యాలోడు
ఫిబ్రవరి 21, ఉదయం 9:33

ఒక సందేహం. మన ఇండియాలో బీహెచ్ సిరీస్ అని 2021లో తెచ్చినారు కదా, రాష్ట్రం మారినా ప్లేటు మార్చే పనిలేకుండా. యూరప్‌లో అట్లాంటిది ఎందుకు లేదు? ప్లేటు మీద 12 చుక్కల నీలం పట్టీ అందరికీ ఒకటే కదా.


లెక్కలక్క
ఫిబ్రవరి 21, ఉదయం 10:20

పట్టీ ఒకటే, దాని వెనక ఖజానాలు వేరు. సుంకం 1968లోనే పోయింది, 1993లో ఒకే మార్కెట్ వచ్చాక సరిహద్దులో తనిఖీలు కూడా పోయాయి. జర్మనీ నుంచి ఇక్కడికి తెస్తే కస్టమ్స్ లేదు, పాత బండికి రెండోసారి వ్యాట్ లేదు. కానీ బండి రిజిస్ట్రేషన్ టాక్సు ఎవరి దేశానిది వాళ్ళకే. జర్మనీలో అలాంటి టాక్సే లేదు. నెదర్లాండ్స్, డెన్మార్క్, ఐర్లాండ్, పోర్చుగల్‌లో ఉంది. అందుకే ఒకడు ఫ్రీగా తిరిగే చోట ఇంకొకడు కట్టాలి.

అయినా మన దగ్గర మాత్రం తక్కువా? మా అన్నయ్య హైదరాబాద్ బండి బెంగళూరు తీసుకెళ్తే ఫారం 28, ఎన్‌వోసీ, అక్కడ లైఫ్ టాక్సు, హైదరాబాద్‌లో కట్టిన లైఫ్ టాక్సు వెనక్కి రాబట్టుకోవడం. ఆ ఫైలు ఇంకా ఏదో టేబుల్ మీదే ఉండి ఉంటుంది.


డబ్లిన్‌బాబాయ్
ఫిబ్రవరి 22, సాయంత్రం 5:44

ఐర్లాండ్ పేరు వచ్చింది కాబట్టి నా కథ కూడా చెప్తా. 2022లో ఇంగ్లండ్ నుంచి డబ్లిన్ వచ్చాం. బ్రెగ్జిట్ ముందు అయితే వీఆర్టీ, అంటే ఇక్కడి రిజిస్ట్రేషన్ టాక్సు, ఒక్కటే ఉండేది. 2021 జనవరి నుంచి గ్రేట్ బ్రిటన్ ఈయూకి పరాయి దేశం. కారు తెస్తే కస్టమ్స్, దాని మీద 23 శాతం వ్యాట్, ఆ పైన వీఆర్టీ. మేము ఏడాది పైగా ఇంగ్లండ్‌లో ఉన్నాం, బండి ఆర్నెల్లకు మించి మాదే. అందువల్ల మకాం మార్పు మినహాయింపు మూడిటికీ దొరికింది.

కానీ గడువులు గట్టిగా ఉంటాయి. బండి దిగిన ఏడు రోజుల్లో పరీక్షకి అపాయింట్‌మెంట్ బుక్ చేసుకోవాలి, 30 రోజుల్లో రిజిస్ట్రేషన్ పూర్తి కావాలి. ఫెర్రీ దిగిన రోజే ఫోన్లో బుక్ చేశా. ఫెర్రీ టికెట్ పారేయకండి, బండి ఏ రోజు దిగిందో చెప్పే సాక్ష్యం అదే.

నయం ఏమిటంటే ఇక్కడా ఎడమ వైపే నడుపుతాం, స్టీరింగు కుడి వైపే. ఇంగ్లండ్ బండి జర్మనీకో నెదర్లాండ్స్‌కో తీసుకెళ్తే హెడ్‌లైట్లు ఎదురొచ్చే వాళ్ళ కళ్ళలో కొడతాయి. అవి మార్చాల్సిందే. వెనక ఫాగ్ లైటు కూడా ఏ వైపుందో చూస్తారు.


మిరపకాయబజ్జీ
మార్చి 27, రాత్రి 11:12

అప్‌డేట్. లోను తీర్చేశాం. బంగారం జోలికి పోలేదు, బోనస్ డబ్బులు సరిపోయాయి. బ్యాంకు మాత్రం బ్రీఫ్ పంపడానికి నాలుగు వారాలు తీసుకుంది. ఫోన్ చేసిన ప్రతిసారీ "పోస్టులో ఉంది" అన్నారు. చివరికి చూస్తే పాత ఇంటి అడ్రసుకి పంపి, అది తిరిగి వాళ్ళ దగ్గరికే పోయింది. ఇప్పుడు చేతిలో ఉంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి పాస్‌పోర్టుల పక్కన దాచా.

ఇక కొత్త తలనొప్పి. కారు కాయితాల్లో మా ఆవిడ పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది. కిందటేడాది పాస్‌పోర్టు రెన్యూవల్ అప్పుడు మా ఇంటిపేరు వేయించాం. నెదర్లాండ్స్ రికార్డులో పాస్‌పోర్టు పేరే పడుతుంది కదా. అంటే కారు ఒకావిడది, వచ్చేది ఇంకొకావిడ!


లెక్కలక్క
మార్చి 28, ఉదయం 8:15

ఇంటిపేరు లేని తెలుగువాడికి యూరప్‌లో ఒక కష్టం, రెండున్నవాళ్ళకి ఇంకో కష్టం. జర్మనీలో ఉండగానే షైన్‌లో పేరు మార్పించేయండి. మీ ఊరి రిజిస్ట్రేషన్ ఆఫీసులో కొత్త పాస్‌పోర్టు, పెళ్ళి సర్టిఫికెట్ చూపిస్తే చాలు. ఇక్కడికొచ్చాక వివరించడం కంటే అదే తేలిక. పాత షైన్ నకలు తీసి పెట్టుకోండి. ఏడాదిన్నరగా బండి ఆవిడదేనని చెప్పేది అదే.


గోదారిగట్టు
మార్చి 28, ఉదయం 8:50

దాంతోపాటు ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర క్లెయిములు లేని సంవత్సరాల కాయితం ఇంగ్లీషులో రాయించుకోండి. ఇక్కడి ఇన్సూరెన్స్ వాళ్ళలో కొందరు దాన్ని ఒప్పుకుంటారు, కొందరు సున్నా నుంచి మొదలెట్టమంటారు. నలుగుర్ని అడగండి. సీఓసీ, అంటే కంపెనీ ఇచ్చే అనుగుణ్యత పత్రం, ఉంటే అదీ ఫైల్లో పెట్టండి.


మిరపకాయబజ్జీ
మే 24, రాత్రి 10:30

ఐండ్‌హోవెన్ నుంచి మొదటి పోస్టు. కారు లేకుండా మూడు వారాలైంది. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా స్టేషన్‌కి, రెండు మూడు రైళ్ళు మారి అర్ధరాత్రి ఇల్లు. ఆదివారం మళ్ళీ వెనక్కి. ఒకసారి కొలోన్‌లో కనెక్షన్ తప్పి ప్లాట్‌ఫాం మీద పులిహోర తిన్నాను. కిందటి వారం మా ఆవిడ "ఈ ఒక్కసారికి కారేసుకుని వచ్చేస్తాం, నువ్వు కాసేపు నడుపు" అంది. లెక్కలక్క చెప్పిన కథ ఆమెకి చదివి వినిపించా. మళ్ళీ ఆ మాటెత్తలేదు.

ఒక చిన్న ప్రశ్న. నాకు జర్మన్ లైసెన్స్ ఉంది. మా ఆవిడకి కూడా. కానీ ఆఫీసులో కొత్తగా వచ్చిన మన అబ్బాయికి ఇండియా లైసెన్సే. వాడి సంగతేంటి?


ఓరుగల్లుపోరడు
మే 24, రాత్రి 10:58

ఇండియా లైసెన్స్ ఇక్కడ నమోదైన కాడి నుంచి 185 రోజులు నడుస్తది. ఆ తర్వాత పరీక్షలు రాయాలె. ఆయనకు 30 శాతం రూలింగ్, అంటే బయటి దేశాల నుంచి వచ్చిన ఉద్యోగులకు ఇచ్చే టాక్సు రాయితీ, ఉంటే మాత్రం అదృష్టవంతుడు. పరీక్ష లేకుండనే మార్చిస్తరు, పెళ్ళాంకు కూడ. ఆరోగ్యం గురించి ఓ ఫారం నింపాలె, అంతే. జర్మనీల నేను రోడ్డు పరీక్ష మూడుసార్లు రాసిన. ఈడ మా దోస్తు ఫారం నింపి తెచ్చుకున్నడు. గప్పుడు నాకు ఎట్లుంటది చెప్పు.


మిరపకాయబజ్జీ
ఆగస్టు 9, సాయంత్రం 6:20

మా వాళ్ళు వచ్చేశారు. జులై 30న కారు, పాప, పది అట్టపెట్టెలు, తులసి మొక్క. మర్నాడే మునిసిపాలిటీలో నమోదు. అదే వారం మినహాయింపు అర్జీ పెట్టాం. పెట్టిన కాయితాలు: జర్మనీలో ఇల్లు ఖాళీ చేసినట్టు రద్దు పత్రం, ఏడాదికి పైగా అక్కడ ఉన్నట్టు రుజువు, కారు కొన్న బిల్లు, పాత షైన్ నకలు, కొత్త షైన్, ఇన్సూరెన్స్ కాయితం, ఇక్కడి అద్దె ఒప్పందం.

బండి ఎక్కడ పెట్టాలో తెలీక తికమకపడ్డాం. రోడ్డు మీద పార్క్ చేసినా రోడ్డు టాక్సు లెక్కలో "వాడినట్టే" అట. అందుకే గోదారిగట్టు గారి ఇంటి వెనక గ్యారేజీలో పెట్టించారు. ఆయనకి మా ఆవిడ గోంగూర పచ్చడి పంపింది.


గోదారిగట్టు
ఆగస్టు 9, రాత్రి 7:02

పచ్చడి అందిందండి. ఉప్పు కాస్త ఎక్కువైంది గానీ నా పెళ్ళాం చేసేదాని కంటే బాగుందని ఇక్కడ రాస్తే ఆవిడ చదువుతుంది కాబట్టి రాయను.


మిరపకాయబజ్జీ
సెప్టెంబరు 17, రాత్రి 9:40

మినహాయింపు అనుమతి వచ్చింది! ఐదు వారాలు పట్టింది. మధ్యలో ఒకసారి "కొన్న బిల్లులో రెండో పేజీ లేదు" అని ఉత్తరం రాశారు. తప్పు నాదే, స్కాన్ చేసేటప్పుడు వెనకవైపు మర్చిపోయా. లేకపోతే ఇంకా ముందే వచ్చేది.

ఇవాళ ఆర్‌డీడబ్ల్యూ పరీక్ష అయింది. ఆ రోజు బండి నడపడానికి ముందే అడిగి అనుమతి తీసుకున్నాం. నేనేదో బండిని ఊడదీసి చూస్తారనుకున్నా. ఒక పెద్దాయన వచ్చి నవ్వుతూ చెయ్యి కలిపాడు. బానెట్ తీయమన్నాడు. రేకు మీద కొట్టిన ఛాసిస్ నంబరు మీద గ్రీజు పట్టి సగం కనపడలేదు. జేబులోంచి గుడ్డ తీసి తుడిచి, టార్చి వేసి, ఒక్కో అంకె బయటికి చదువుతూ కాయితంతో పోల్చుకున్నాడు. తర్వాత అద్దం కింద మూల నంబరు, డోరు పక్క రేకు స్టిక్కరు. కిలోమీటర్లు రాసుకున్నాడు. షైన్, బ్రీఫ్ రెండూ తీసేసుకున్నాడు. అవి ఇక తిరిగి రావు. ఆ బ్రీఫ్ కోసం నాలుగు వారాలు బ్యాంకు చుట్టూ తిరిగాను కదా, ఆయన దాన్ని ట్రేలో పడేసిన తీరు చూసి నాకు కాస్త మనసు చివుక్కుమంది.

మొత్తం అరగంట. జర్మనీ ట్యూఫ్, అంటే బండి ఫిట్‌నెస్ పరీక్ష, ఇంకా 13 నెలలు మిగిలి ఉంది, అదే తేదీని ఇక్కడి ఫిట్‌నెస్ పరీక్ష ఏపీకేకి తీసుకున్నారు.


డబ్లిన్‌బాబాయ్
సెప్టెంబరు 17, రాత్రి 10:11

శుభం. ఫోటో పెట్టు తమ్ముడూ, డచ్ పసుపు ప్లేట్లతో.


నంద్యాలోడు
సెప్టెంబరు 18, ఉదయం 7:45

అన్నా ఒకటి. జర్మనీ రిజిస్ట్రేషన్ ముందే రద్దు చేసి రాలేదు కదా? మా ఫ్రెండు ఒకాయప్ప ఇల్లు ఖాళీ చేసినట్టే కారు కూడా రద్దు చేసేసినాడు, మంచి పౌరుడు మరి. ప్లేట్ల మీద సీలు గీకేసినాంక ఇన్సూరెన్స్ లేదు, రోడ్డెక్కేదానికి లేదు. చివరికి ఎగుమతి ప్లేటు తీసుకున్నాడు. కుడి పక్క ఎర్ర పట్టీ, దాని మీద గడువు తేదీ ఉంటుంది చూడు, అది. దానికి వేరే ఇన్సూరెన్స్, వేరే ఖర్చు.


మిరపకాయబజ్జీ
సెప్టెంబరు 18, మధ్యాహ్నం 1:05

లేదు బ్రో, గోదారిగట్టు గారు ఫోన్లో నాలుగుసార్లు చెప్పారు. డచ్ నంబరు వచ్చేదాకా జర్మన్ ప్లేట్లూ ఇన్సూరెన్సూ ఉంచమన్నారు.


మిరపకాయబజ్జీ
అక్టోబరు 8, రాత్రి 8:55

ఆఖరి అప్‌డేట్.

డచ్ రిజిస్ట్రేషన్ కార్డు ఒక కవర్లో, దానితో వాడే కోడు ఇంకో కవర్లో, వేర్వేరు రోజుల్లో వచ్చాయి. మొదటి కవరు మాత్రమే చూసి "కోడు ఏదీ" అని వెతుక్కోకండి, రెండోది వస్తుంది. కార్డు, గుర్తింపు కార్డు పట్టుకుని ప్లేట్లు చేసే షాపుకెళ్తే పది నిమిషాల్లో కొట్టిచ్చాడు. షాపు ముందే స్క్రూడ్రైవరుతో జర్మన్వి విప్పి పసుపువి బిగించా. పాప "నాన్నా, కారుకి పసుపు రాసినట్టుంది" అంది.

ఇన్సూరెన్స్‌కి ఛాసిస్ నంబరులో చివరి నాలుగు అంకెలు అడుగుతారు, దాన్ని ఇక్కడ మెల్డ్‌కోడ్ అంటారు. ముందే రాసి పెట్టుకోండి. కార్డు మన పేరు మీద పడిన రోజు నుంచే ఇన్సూరెన్స్ ఉండి తీరాలి.

జర్మనీకి ఈ సమాచారం ఆర్‌డీడబ్ల్యూ నుంచి వెళ్తుంది. ఈయూ నియమం ప్రకారం రెండు నెలల్లోపు తెలపాలి. అంతదాకా అక్కడి ఇన్సూరెన్స్, టాక్సు నడుస్తూ ఉంటాయని, మొన్న సోమవారం సెలవు పెట్టి వెన్లో దాటి అవతలి జర్మన్ ఊరి ఆఫీసుకి వెళ్ళా. రద్దు జర్మనీలో ఏ ఊళ్ళోనైనా చేయించుకోవచ్చు. డచ్ కార్డు నకలు చూపించి, పాత ప్లేట్లు బల్ల మీద పెట్టా. కౌంటర్లో ఆవిడ చిన్న ఉలిలాంటి దానితో రెండు ప్లేట్ల మీదా సీలు గీకి, ప్లేట్లు నాకే ఇచ్చేసింది.

ఇక రోడ్డు టాక్సు. జర్మనీలో ఏడాది మొత్తానికి కట్టినదానికంటే ఇక్కడ మూడు నెలలకి కట్టేది ఎక్కువ. బండి బరువు, ఇంధనం, ఏ ప్రావిన్సులో ఉన్నామో చూసి లెక్కిస్తారు. ఇది నాకు ఎవరూ ముందు చెప్పలేదు!


లెక్కలక్క
అక్టోబరు 8, రాత్రి 9:20

చెప్పి ఉంటే తెచ్చుకునేవారు కాదు కదా. :) డీజిల్ కాదు, అందుకు సంతోషించండి. డీజిల్‌కి ఇంకా బాదుతారు.


ఓరుగల్లుపోరడు
అక్టోబరు 8, రాత్రి 9:31

అన్నా, మొత్తం ఎంత ఖర్చయింది? రైలు టికెట్లు కూడ కలుపు.


మిరపకాయబజ్జీ
అక్టోబరు 8, రాత్రి 9:50

రైలు టికెట్లు కలిపితే మా ఆవిడ చదువుతుంది. కలపను.


కొత్తకాపురం
నవంబరు 2, రాత్రి 11:37

అన్నయ్యలూ అక్కయ్యలూ, మొత్తం థ్రెడ్ చదివాను. చాలా థాంక్స్. నాది బ్రసెల్స్ నుంచి ఉట్రెక్ట్. బెల్జియంలో ప్లేటు కారుది కాదు, మనిషిది. నా ప్లేటు నాతోనే ఉంటుంది. నా కారు లీజుది, కంపెనీ పేరు మీద ఉంది. మూడేళ్ళుగా నేనే నడుపుతున్నా. నాకు మినహాయింపు వస్తుందా?


గోదారిగట్టు
నవంబరు 3, ఉదయం 6:48

బండి కంపెనీది కదా తమ్ముడూ. నడిపింది మీరైనా మీ ఆస్తి కాదు. ముందు లీజు కంపెనీకి ఫోన్ చేసి, దేశం మారితే ఒప్పందం ఏమవుతుందో కాయితం మీద రాయించుకోండి. అది చేతికొచ్చాక ఇక్కడ పెట్టండి, చూద్దాం.